ఎండాకాలపు తడి బొగ్గు

నేను ఏం ఉద్యోగం చేసేదాన్నో మా అమ్మకు చివరిదాకా సరిగ్గా అంతుపట్టలేదు. మా ఊరు ఖానాపురం హవేలిలో ఇరుగుపొరుగు అడిగితే, "మా బిడ్డ కంప్యూటర్ల మంట వెడతది. పొగ రాదు, సెగ రాదు, జీతం మాత్రం వస్తది" అనేది. చర్చిలో పాస్టరు గారికి కూడా అదే జవాబు. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. రిటైరయ్యాక తీరిగ్గా ఆలోచిస్తే, నా ముప్పై ఏళ్ల పనిని అంత పొట్టిగా, అంత సరిగ్గా ఇంకెవరూ చెప్పలేదని ఒప్పుకోవాల్సి వస్తోంది.

మంటల్ని కంప్యూటర్లో లెక్కగట్టే ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. గాలి, పొగ, ఆవిరి మామూలు వేడిలో ఒకలా ఉంటాయి. పధ్నాలుగు వందల డిగ్రీల దగ్గర వాటి తీరే వేరు. బడి పుస్తకంలో నేర్చుకున్న సూత్రాలు అక్కడ నీళ్లు నములుతాయి. అంత వేడిలో నీటి ఆవిరి ఊరికే తేలుతూ ఉండదు. మంట వెలుగును మింగుతుంది, మళ్లీ కక్కుతుంది, బోలెడంత వేడిని తనతో మోసుకుపోతుంది. ఎంత మింగింది, ఎంత కక్కింది అని కాగితం మీద లెక్కగట్టాలంటే ఏడు జన్మలు చాలవు. అందుకే మా పరిశోధన సంస్థకు సూపర్ కంప్యూటర్. దాన్ని చూడాలని ముచ్చటపడి వచ్చినవాళ్లు దాదాపు అందరూ నిరాశపడతారు. చల్లటి గదిలో నల్ల బీరువాలు వరుసగా నిలబడి హోరుమంటుంటాయి, అంతే. వేల ప్రాసెసర్లు ఒకే లెక్కను పంచుకుని చేస్తాయి. మన లెక్క అక్కడిదాకా చేరాలంటే మాత్రం రేషన్ దుకాణం దగ్గరలాగే వరుసలో నిలబడాలి. వాతావరణం వాళ్లు, మందుల వాళ్లు, మేము. ఎప్పుడూ వాతావరణం వాళ్లే ముందుండేవారు.

ఆ పనిలో నేను గట్టిదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి మొహమాటపడను. ముఖ్యంగా నీటి ఆవిరి సంగతిలో. మా లెక్కలు ప్రయోగశాలల కొలతలతో సరిపోతుంటే మా డైరెక్టరు గారు, "ఆవిడ ఆవిరి ముఖం చూసి జాతకం చెప్పేస్తుంది" అని వచ్చినవాళ్లకు పరిచయం చేసేవారు. నేను కాదనేదాన్ని కాదు.

రిటైరవడానికి మూడేళ్ల ముందు మాకొక కేసు వచ్చింది. భద్రాచలం వైపు, అడవి మొదలయ్యే చోట ఒక థర్మల్ కేంద్రం ఉంది. పేరు అనవసరం. మే మొదటి వారంలో అక్కడి బాయిలర్ పైభాగంలో ఆవిరి గొట్టాలు పగిలాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు, అది దేవుడి దయ. ఆ ఒక్క యూనిట్ మాత్రం చాలా రోజులు మూతపడింది. ఆ షిఫ్టులో కంట్రోల్ రూమ్ బల్ల ముందున్న ఆపరేటర్ అవసరానికి మించి బొగ్గు వేశాడని, దాంతో గొట్టాలు కాగి పగిలాయని ఆయన మీద చార్జిషీట్ పెట్టారు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు ఉన్న మనిషి. ఇంకో పదమూడు నెలల్లో రిటైర్ కావాలి. సస్పెండ్ చేసి ఇంట్లో కూర్చోబెట్టారు. నిర్లక్ష్యం రుజువైతే డిస్మిస్ చేస్తారు.

బొగ్గు ఎక్కువ వేశానని ఆయనా ఒప్పుకున్నాడు. "బొగ్గు తడిగొచ్చింది. తడి బొగ్గు తక్కువ వేడి ఇస్తది. కరెంటు లోడు తగ్గించొద్దని పైనుంచి చెప్పిన్రు. ఇంకేం జేయాలె, ఎక్కువ ఏసిన" అన్నాడట. కమిటీలో ఒకాయన నవ్వాడట. భద్రాచలంలో, మే నెలలో, వాన చుక్క లేని రోజుల్లో తడి బొగ్గా? ల్యాబ్ రిజిస్టరు తీసి చూస్తే ఆ రోజు బొగ్గులో తడి మామూలుకంటే కాస్త తక్కువే ఉంది. దాంతో ఆయన తప్పు చేయడమే కాక అబద్ధం కూడా ఆడాడని తేల్చుకున్నారు. ఇక మిగిలింది సైన్సు ముద్ర. దానికి మా దగ్గరికి వచ్చారు.

వాళ్లు కొలతలు పంపారు, బాయిలర్ బొమ్మలు పంపారు, ల్యాబ్ కాగితం పంపారు. మా బృందంలో లెక్కలు నడిపే సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు చిన్న. సణుగుడు ఎక్కువ, తప్పులు తక్కువ. వాళ్లిచ్చిన వివరాలన్నీ ఎక్కించి, మా వంతు వచ్చేదాకా ఆగి, లెక్క నడిపించాడు. ఆగడానికీ, నడపడానికీ కలిపి తొమ్మిది రోజులు పట్టింది. జవాబు చక్కగా వచ్చింది. అలాంటి పొడి బొగ్గు అంత వేస్తే పై గొట్టాలు అంత వేడికి చేరతాయి. అక్కడ నమోదైన వేడికీ, మా లెక్కకూ వెంట్రుకవాసి తేడా.

"ఒక్కటి మాత్రం కలవట్లేదు మేడమ్" అన్నాడాయన. "బాయిలర్ కొలిమి కింది భాగంలో ఒక సెన్సర్ ఉంది. మన లెక్క ప్రకారం అక్కడ మంట ఇంకా చాలా వేడిగా ఉండాలి. అది తక్కువ చూపిస్తోంది."

"ఆ మంటల్లో సెన్సర్లు ఎన్నాళ్లు బతుకుతాయి? చెడిపోయి ఉంటుంది. తీసెయ్."

"ముందురోజు దాకా బాగానే చూపించింది."

"ఒక్క ముల్లుందని చేపను పారేస్తామా?" అన్నాను.

నేను రిపోర్టు రాశాను. నమోదైన బొగ్గు గుణాన్ని బట్టి, ఇంధనం మితిమీరి వేయడమే ప్రమాదానికి కారణం అని రెండు పేరాల్లో తేల్చి సంతకం పెట్టాను. అందులో "నమోదైన" అన్న మాట ఒకటి ఉంది, చూశారా. మాలాంటివాళ్లం దాన్ని తప్పించుకోవడానికి పెడతాం. చదివేవాళ్లు దాన్ని దాటుకుని కింది సంతకం చూస్తారు.

నెలాఖరున కమిటీ ఆఖరి విచారణ. రిపోర్టు నాదేనని వచ్చి చెప్పమన్నారు. ముందురోజు ఖానాపురం హవేలిలో మా అన్నయ్య ఇంట్లో దిగి, తెల్లారగానే బయల్దేరాను. ఇల్లందు దాటేదాకా బొగ్గు లారీల వెనకే ప్రయాణం. ఎనిమిదింటికల్లా చేరాను. విచారణ పదకొండు గంటలకు. గెస్ట్ హౌస్‌లో కూర్చోమన్నారు. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. ల్యాబ్ చూసొస్తానని బయల్దేరాను. అనుమానంతో కాదు, కాళ్లు నిలవక.

ల్యాబ్ వెనకాల ఖాళీ జాగాలో రేకులు పరిచి ఉన్నాయి. ఒకావిడ, నలభై అయిదేళ్లుంటాయి, కొంగు నడుముకు చుట్టి, రేకుల మీద బొగ్గు పలచగా పరుస్తోంది. మా వైపు కల్లాల్లో మిరపకాయలు ఆరబోసినట్టే. కాంట్రాక్టు కూలి. ఫోన్ చెవికి ఆనించి ఇంటివాళ్లతో కోయ భాషలో మాట్లాడుతూనే కాలితో రేకు సర్దుతోంది. నన్ను చూసి ఫోన్ పెట్టేసింది.

"ఇదేంది అక్కా, ఎందుకు ఎండబెడుతున్నవ్?" అన్నాను. ఊరు రాగానే నా భాషా ఊరిదైపోతుంది.

"శాంపిలమ్మా. పచ్చిగ ఏస్తె గ్రైండరు పట్టేస్తది. ముద్దముద్దగ ఇరుక్కుంటది. ఒకపారి మోటరు కాలింది. గప్పటిసంది ఎండబెట్టినంకనే ఏస్తున్నం."

"వానాకాలమైతే సరే. ఎండాకాలం గూడనా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఈ కళ్లద్దాలమ్మకు ఏమీ తెలియదని ఆ చూపులోనే అర్థమైపోయింది.

"ఎండాకాలమే ఎక్కువ తడి గదమ్మా. ఎండకు కుప్పల్ల బొగ్గు రాజుకుంటది, పొగలు లేస్తయ్. పొద్దంత పైపులతోటి నీళ్లు కొడుతనే ఉంటరు. ఆ నీళ్లు కిందికి దిగుతయ్. కింది బొగ్గు బెల్టు మీదికొచ్చినప్పుడు కారుకుంట వస్తది."

"ఎంతసేపు ఎండబెడతరు?"

"చేతికి అంటుకోకుండ ఐనదాంక."

పక్కనే పొద్దున బాయిలర్‌కు బొగ్గు మోసే బెల్టు మీద నుంచి తెచ్చిన సంచి ఉంది, ఇంకా విప్పలేదు. మూతి విప్పి చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా నల్లటి తడి.

తడి బొగ్గు మండితే ఏమవుతుందో ఈ దేశంలో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎక్కువమంది ఉండరు. బొగ్గులోని నీరు ఆవిరి కావడానికే మంట వేడి కొంత ఖర్చయిపోతుంది. కొలిమి కింది భాగం చల్లబడుతుంది. ఆ ఆవిరి కలిసి పొగ పరిమాణం పెరుగుతుంది, వేడిని కింద వదలకుండా పైకి మోసుకుపోతుంది, పై గొట్టాలను కాలుస్తుంది. కింద చల్లన, పైన వేడి. సరిగ్గా ఆ చెడిపోయిన సెన్సర్ చెప్పింది అదే. అది చెడిపోలేదు. ఆవిరి జాతకం చెప్పేదాన్నని పేరు పడ్డ నేనే, ఆవిరి వచ్చి ఎదురుగా నిలబడితే గెంటేశాను. నాకు నామీద వచ్చినంత కోపం జన్మలో ఇంకెవరి మీదా రాలేదు.

తొమ్మిదింటికి ల్యాబ్ కెమిస్టు వచ్చాడు. మంచివాడే. విషయం చెప్పేసరికి ఫారం తీసి నా ముందు పెట్టాడు.

"ఎండబెట్టకముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూయాలె మేడమ్, రూలు అదే. మా ఫారంల తడికి ఒక్కటే గడి ఉంటది. గ్రైండరు నుంచి వచ్చిందాని లెక్కే రాస్తం. నేను డ్యూటీల చేరేటప్పటికే గిట్లనే నడుస్తున్నది."

"తప్పెవరిదో తర్వాత చూద్దాం. ముందు ఈ సంచిలోది తూయండి."

తూచి, ట్రేలో పోసి, ఓవెన్‌లో పెట్టి, మళ్లీ తూచాం. పదిన్నరకు తేలింది. రిజిస్టరులో రాస్తున్నదానికి రెండింతలకు పైనే తడి. కెమిస్టు ఆ అంకె నా ముందే రాసి సంతకం పెట్టాడు. దాచిపెట్టే అవకాశం ఉన్నా దాచలేదు. ఆ ఒక్క సంతకానికి ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

సహోద్యోగికి ఫోన్ చేశాను. "నేను తీసెయ్యమన్న రీడింగ్ ఉందా, పోయిందా?"

"ఉంది మేడమ్. తీసేయలేదు, పక్కన పెట్టాను." గొంతులో కాస్త పొగరు వినిపించింది. ఆ పొగరుకు ఆయనకు హక్కుంది.

"తడి పెంచి మళ్లీ నడుపు. కింది సెన్సర్‌ను లోపల పెట్టి పోల్చు."

"మన ముందు వాతావరణం వాళ్లున్నారు. అంతా కలిపి నాలుగు రోజులు పడుతుంది."

నా దగ్గర అరగంట కూడా లేదు.

కమిటీ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో ఛైర్మన్, వేరే కేంద్రం నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు. ఆపరేటర్ తలుపు పక్కన కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను. నేను ఆయన్ను చూడటం అదే మొదటిసారి. ఒక మనిషి ఉద్యోగం తీసేయమని రాసేటప్పుడు ఆ మనిషి ఎలా ఉంటాడో చూడాలని నాకు తోచలేదు.

"మేడమ్, రిపోర్టు మీదే అని ఒక్క మాట చెప్పి సంతకం పెడితే చాలు" అన్నారు ఛైర్మన్.

"రిపోర్టు నాదే. అందులో ఉన్నది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను."

ఎండబెట్టిన శాంపిల్ సంగతి, పొద్దుటి తూకం సంగతి, నేను గెంటేసిన సెన్సర్ సంగతి వరుసగా చెప్పాను. నల్లబడ్డ చెయ్యి కడుక్కోవడం మర్చిపోయాను, అది బల్ల మీదే ఉంది.

"సూపర్ కంప్యూటర్ తప్పు చేసిందంటరా?" అన్నారు ఛైర్మన్.

"లేదండీ. ఎండిన బొగ్గు ఇచ్చాం, ఎండిన బొగ్గుకే లెక్క చెప్పింది. తడి సంగతి దాన్ని అడగలేదు. అడగాల్సినదాన్ని నేను."

"ఇయ్యాల్టి బొగ్గు తడిగుంటె ఆనాటి బొగ్గు గూడ తడిగున్నట్టేనా? మాకు సాక్ష్యం గావాలె."

మంచి ప్రశ్న. కోర్టులో ఉండాల్సిన మనిషి. "ఆనాటికి ఒక సాక్షి ఉంది" అన్నాను. "కింది సెన్సర్. దాని మాట సరైందో కాదో నాలుగు రోజుల్లో తేలుతుంది. ఎండిన బొగ్గే సరైందని తేలితే ఇదే రిపోర్టు మళ్లీ నా సంతకంతో పంపుతాను. అప్పటిదాకా మీ ఫైల్లో నా కాగితం లేనట్టే."

ఛైర్మన్‌కు కోపం వచ్చింది. నా ముందే మా డైరెక్టరు గారికి ఫోన్ కలిపారు. మీ సంస్థ పరువు ఏం కావాలి అని అడిగారు. స్పీకర్‌లో పెట్టారు కాబట్టి జవాబు అందరం విన్నాం. డైరెక్టరు గారు, "ఆవిడ వెనక్కి తీసుకున్నానంటే తీసుకున్నట్టే. లెక్క ముందుకు జరిపిస్తాను, రెండు రోజుల్లో పంపుతాం" అన్నారు. వాతావరణం వాళ్లను దాటించి మా లెక్కను ముందుకు నెట్టడం ఆయన సర్వీసులో అదొక్కసారే.

విచారణ వాయిదా పడింది. బయటికి వచ్చేసరికి ఆపరేటర్ వరండాలో నిలబడి ఉన్నాడు. కృతజ్ఞతలు చెబుతాడేమో, ఎలా తప్పించుకోవాలా అనుకున్నాను. ఆయనకు అలాంటి ఉద్దేశమేమీ లేదు.

"మేడమ్, గా లోపల చెప్పిన మాట మా ఇంట్ల గూడ చెప్తరా?"

"ఇంట్లోనా?"

"అవ్. మా ఇంటామె మీ కాయితం నమ్మింది. కంప్యూటరు అబద్ధం చెప్పదంటది. గప్పటిసంది సక్కగ మాట్లాడతలేదు. నౌకరి పోతె పోనియ్, ఇంట్ల దొంగలెక్క బతుకుడు కష్టమైతున్నది."

ఫలితం రాకుండా వెళ్లి ఆమెకు రెండోసారి తప్పు చెప్పే ధైర్యం నాకు లేదు. వచ్చాక తప్పకుండా వస్తానని మాటిచ్చాను.

మూడో రోజు పొద్దున్నే ఫలితం వచ్చింది. తడి బొగ్గుతో లెక్క కడితే పై గొట్టాల వేడి సరిపోయింది, కింది సెన్సర్ చూపింది కూడా సరిపోయింది. ఎండిన బొగ్గు లెక్కకు రెండూ ఒకేసారి ఏనాడూ కలవవు. సహోద్యోగి ఆ రెండు గీతలూ ఒకే కాగితం మీద గీసి, నా బల్ల మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయాడు. ఆయన సణిగి ఉంటేనే నాకు తేలికగా ఉండేది. తడి బొగ్గుతో లోడు నిలపాలంటే ఎక్కువ వేయక తప్పదని ఒప్పుకుని, కమిటీ ఆపరేటర్‌ను తిరిగి డ్యూటీలోకి తీసుకుంది. ల్యాబ్ ఫారంలో తడికి రెండో గడి వచ్చింది. రేకుల మీద బొగ్గు ఎండబెట్టే ఆవిడను ఏమీ అనకూడదని నేను విడిగా ఒక ఉత్తరం రాశాను. ఆ కేంద్రంలో నాకు నిజం చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

ఆ వారంలోనే ఆపరేటర్ వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ఆయన భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని రవిక కుడుతోంది. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నేను చెప్పడంలో దిట్టననే అనుకుంటాను. మంత్రులకూ, కాలేజీ పిల్లలకూ ఇదే పని విడమరచి చెప్పినదాన్ని. ఆమెకూ చెప్పాను. బొగ్గు నిజంగానే తడిగా ఉంది, మీ ఆయన చెప్పింది మొదటి నుంచీ నిజం, తప్పు రాసింది నేను, కంప్యూటర్ కాదు అన్నాను. కొత్త రిపోర్టు కాపీ కూడా తెచ్చి మిషన్ బల్ల మీద పెట్టాను. ఆమె కాలు మిషన్ తొక్కుడు మీదే ఉంది, ఆడించడం మాత్రం ఆపింది.

"బొగ్గు తడిగున్నదని ఈయన మొదటి రోజే చెప్పిండమ్మా" అంది. "నేను నమ్మిన. కాలనీల అందరు నవ్వినా నమ్మిన. మీ కాయితం వచ్చినంక నమ్మబుద్ధి కాలే."

"ఇప్పుడు నమ్ముతున్నారా?" అన్నాను.

ఆమె రిపోర్టు వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"నమ్ముత. మీరు చెప్పిన్రు గద. గప్పుడు గూడ మీరు చెప్పిన్రనే నమ్మిన."

గోడ దగ్గర నిలబడ్డ ఆయన లోపలికి వెళ్లి, మా ముగ్గురికీ చాయ్ తనే పెట్టుకొచ్చాడు.